పైకప్పు పట్టేంత మెమరీ

కంప్యూటర్ మళ్ళీ అదే చోట ఆగింది. ఫొటోలు కలిపే పని మూడొంతులు దాటాక, మెమరీ చాలదన్న మాట తెరమీదికి వచ్చింది. కోడలు కుర్చీ వెనక్కి జరిపింది.

“ఇవాళా మొండికేసింది అత్తయ్యా.”

అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. “నా చారలు దానికీ నచ్చలేదేమో.”

ఆ చారల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఒక నాటకశాల పైకప్పుకు బొమ్మలు వేసిన నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురికీ మనుషులు, గుర్రాలు, చెట్లు దక్కాయి. ఆవిడను మాత్రం కప్పు పొడవునా నీలం చారలు వేయమన్నాడు మేస్త్రీ. పరంజా మీద వెల్లకిలా పడుకుని వేసింది కాబట్టి మూరెడు మేర తప్ప ఏమీ కనబడలేదు. పరంజా దింపిన రోజు ఆవిడ కాన్పుకు ఆస్పత్రిలో ఉంది. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళేసరికి, చల్లదనం కోసమని దాని కింద మరో కప్పు బిగించేశారు.

కిందటి నెల ఆ నాటకశాలను కూల్చేశారు. అంతకుముందు, ఫొటోల పని చేసే కోడలు ఆ రెండు కప్పుల మధ్య పాకుతూ పాత కప్పునంతా ముక్కముక్కలుగా కెమెరాలోకి ఎక్కించింది. ఇప్పుడు ఆ కప్పు ఎక్కడైనా ఉందంటే ఈ కంప్యూటర్లోనే. అదీ ముక్కలుగానే.

కంప్యూటర్లు బాగుచేసే మరిది వచ్చి పెట్టె పక్క మూత విప్పాడు. టార్చి వేసి చూశాడు.

“ర్యాము పెట్టడానికి నాలుగు స్లాట్లు, ఒక్కోదాంట్లో నాలుగు జీబీ. మొత్తం పదహారు. మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకంలో కూడా పదహారుకి మించి పట్టదనే ఉంది. దీనికి దండం పెట్టి కొత్తది కొనుక్కో వదినా.”

“కొనిపెట్టు, వద్దన్నానా?”

“ఆ మాట అన్నయ్యతో అను, చూస్తాను.”

అత్తగారు తలెత్తింది. “మించితే ఏమవుతుందిరా? విరుగుతుందా?”

“విరగదమ్మా. అసలు లేవదు.”

“ఎవరైనా పెట్టి చూశారా?”

“చేసినవాళ్ళే రాశారు కదమ్మా!”

“మా పరంజాకీ రాసి కట్టారు, నలుగురికి మించి ఎక్కకూడదని. తీరా మేస్త్రీ కూడా ఎక్కాల్సి వస్తే ఇంజనీరు వచ్చి వాసాలు కొలిచాడు. ఆరుగురిని మోస్తుందన్నాడు. మరి నలుగురని ఎందుకు రాశారయ్యా అంటే, రాసిననాటికి ఉన్నది మేం నలుగురమే.”

మరిది పుస్తకం వెనక అట్ట తిప్పి, అచ్చయిన సంవత్సరం చూశాడు.

“అప్పటికి ఎనిమిది జీబీవి ఉన్నాయా?” అంది కోడలు.

“ఈ రకంలో లేవు వదినా. నాలుగే పెద్దది.”

“అయితే ఇందులో వాసం ఏది?”

“ప్రాసెసర్. మెమరీని మోసేది అదే. దాన్ని కదా నేను ముందు చూడాల్సింది!”

ప్రాసెసర్ నంబరు పట్టుకుని, దాన్ని తయారుచేసినవాళ్ళ పేజీ ఫోన్లో వెతికాడు. ముప్పై రెండు అని ఉంది.

“నాలుగెనిమిదులు,” అంది కోడలు.

“ప్రాసెసర్ మోస్తానన్నా బోర్డు ఒప్పుకోవాలిగా.”

దుకాణానికి వెళ్ళి, పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసిన ర్యాములు తెచ్చాడు. పాతవి తీసేసి ముందు ఒక్కటే పెట్టాడు. ఎనిమిది చూపించింది. రెండు పెట్టాడు. పదహారు. నాలుగూ బిగించి స్విచ్ నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది.

బీప్ మోగింది. ముప్పై రెండు.

“ఓరి నీ దుంపతెగ!” అన్నాడు మరిది, పెట్టెతో.

కలిపే పని మొదలైంది. రోజూ ఆగే చోటు దాటింది. చివరిదాకా వెళ్ళింది. కోడలు బొమ్మను తెరకు సరిపోయేదాకా కుదించింది.

గుర్రాలు తలలు వంచి తాగుతున్నాయి. మనుషులు ఒడ్డున వంగి దోసిళ్ళు పట్టారు. చెట్ల వేళ్ళన్నీ ఒకవైపుకే సాగాయి. వాటన్నిటి నడుమ, ఆ మూల నుంచి ఈ మూల దాకా, నీలం చారలు పారుతున్నాయి.

అత్తగారు బఠాణీల పళ్ళెం కింద పెట్టి లేచింది. తెరకు మూరెడు దూరంలో నిలబడింది. తర్వాత ఒక్కో అడుగే వెనక్కి వేసింది, వీపుకు గోడ తగిలేదాకా.

“ఏరు కదే అమ్మాయ్,” అంది.

“ఇన్నేళ్ళూ చారలని మా ప్రాణం తీశావు కదమ్మా!” అన్నాడు మరిది.

“ఊరుకోరా. చూడనీ.”