రేపల్లెలో ధ్రువకాంతి

"ఆ 'జీపు' అన్న మాట కొట్టేసి సంతకం పెట్టమ్మాయ్. లేదా రేపట్నుంచి పనిలోకి రాకు."

తెనాలి ఆఫీసులో డైరెక్టరు సంజీవరావు ఈ మాటంటూ అద్దంలో టై సర్దుకున్నాడు. సాయంత్రం బాపట్లలో ఆయనకు సన్మానం. దండ కూడా తనే పురమాయించుకున్నాడు.

హైమావతి రిజిస్టరు మూయలేదు. రేపల్లె పొలాల మధ్య పెంకుటింట్లో ఉన్న భూమి అయస్కాంత శక్తిని కొలిచే యంత్రానికి ఆమే కాపలా. దాని కలం రాత్రింబవళ్లు కాగితం మీద గీత గీస్తుంది. దగ్గరికి ఇనుమొస్తే గీత చెడుతుంది. అందుకే ఇంటికి రాగి మేకులు కొట్టారు. తాళంచెవులు, బెల్టులు గేటు దగ్గర వాచ్‌మన్ సైదావలికిచ్చి అందరూ నడిచి రావాలి. డైరెక్టరు తప్ప. ఆయన జీపు గోడదాకా వస్తుంది. నల్లబురద ఆయన కొత్త బూట్లకు అంటకూడదు కదా!

కిందటి నెల, 1973 జూలైలో, ఒక సాయంత్రం ఏడింటికి గీత చటుక్కున లేచి, నలభై నిమిషాలు బల్లలా చదునుగా నిలిచి, పడిపోయింది. ఆ కాగితం అంటించిన రిజిస్టరులో, గీత పక్కనే హైమావతి 'డైరెక్టరుగారి జీపు' అని రాసింది. ఆయన మాత్రం ధ్రువకాంతుల ఉపతుఫానును పట్టేశానని పత్రికలకు చెప్పేశాడు. సూర్యుడి నుంచి వచ్చిన శక్తి భూమి వెనక అయస్కాంత తోకలో పేరుకుని ఉన్నట్టుండి విడుదలైతే అది ఉపతుఫాను. అప్పుడు ధ్రువాల మీద ఆకాశం భగ్గుమంటుంది. రేపల్లెలో గీత మెల్లగా ఉబ్బి మెల్లగా దిగుతుంది. బల్లలా నిలవదు.

"సార్, టపాలో ఉపగ్రహం ఫోటో వచ్చిందండి. సరిగ్గా ఆ వేళకే ధ్రువం మీద తీశారు. అక్కడ అంతా ప్రశాంతమేనండి."

"అంత ఎత్తునుంచి దానికేం కనపడుద్ది?"

"ఎత్తునుంది కాబట్టే కనపడుద్దండి."

"నోర్ముయ్!"

మధ్యాహ్నం సంస్థను నడిపే కమిటీ పెద్ద కోటేశ్వరరావు సంగతి తేల్చడానికి ఆమెతో రేపల్లె రైల్లో వచ్చాడు. బెల్టు సైదావలికిచ్చి, జారే ప్యాంటు చేత్తో పట్టుకుని, బురదలో నడిచాడు.

"ఏంటమ్మా, జీపంటావు! ఫోటో సరే, జీపుకి రుజువేంటి?"

హైమావతి నోరు తెరిచేలోపు కలం ఎగిరింది. బల్లలా నిలిచింది. ఇద్దరూ కిటికీలోంచి చూశారు. గోడ పక్కనే జీపు. కమిటీ పెద్ద ఇక్కడికొచ్చాడని తెలిసి హడావిడిగా వచ్చి, అందులోంచి బూటు తడవకుండా గడప మీదికి కాలు చాపుతున్న సంజీవరావు.

వెనకే సైదావలి రొప్పుతూ వచ్చాడు. "అయ్యా, ఎన్నిసార్లు చెప్పాలండీ? జీపు గేటు కాడే ఆపాలండీ!"

"రండి సంజీవరావుగారూ," అన్నాడు కోటేశ్వరరావు. "మీ రెండో ఉపతుఫాను కూడా వచ్చేసింది. పట్టపగలే! బాపట్ల వాళ్లకి నేను కబురు పెడతాలెండి, దండ వెనక్కి పంపమని."

హైమావతి వైపు తిరిగాడు.

"రేపట్నుంచి నువ్వు మామూలుగా రామ్మా. రాకూడనిది ఆ జీపు."

ఆమె గడియారం చూసి గీత పక్కన రాసింది: 'పన్నెండూ పది. మళ్లీ డైరెక్టరుగారి జీపు.' కింద సంతకం పెట్టింది.