ఫాతిమా కోసం ఉంచిన సీటు

ఫారంలో చివరి గడి దగ్గర వరూధిని పెన్ను ఆగిపోయింది. పేరు, వయసు ముప్పై మూడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, ఫోన్ నంబరు, అన్నీ గబగబా నింపేసింది. ఆఖరున ‘అతిథి పేరు’ అని ఉంది.

అది 2005 డిసెంబరు చివరి వారం. వసంతనగర్‌లోని ఒక పాత హాలులో ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఆరు రోజుల పాటు దేశదేశాల సినిమాలు వేస్తున్నారు. జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లకు తలా ఒక గెస్ట్ పాసు ఇస్తారు. స్నేహితులో ఇంట్లోవాళ్లో వచ్చి ఊరికే సినిమాలు చూసిపోవచ్చు. ఏర్పాటు మంచిదే. కాకపోతే అతిథి అంటూ ఒకరు ఉండాలి.

వరూధినికి లేరు. బెంగళూరు వచ్చి నాలుగేళ్లయింది. ఆఫీసులో ఆమెతో మాట్లాడేవాళ్లు పని గురించి మాట్లాడతారు, పని అయిపోగానే థాంక్స్ అంటారు. అమెరికా క్లయింట్లకు క్రిస్మస్ సెలవులని ఆఫీసు మూసేశారు. ఆఫీసు దగ్గరే తను ఉండే లేడీస్ హాస్టల్లో అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు, వంటావిడతో సహా. తనూ కడపకు వెళ్లొచ్చు. కానీ అన్నయ్య ఇంట్లో తను పడుకునే మంచం తీసేసి వదిన కుట్టుమిషను పెట్టుకుంది. ఖాళీ హాస్టల్లో రెండు రోజులు గోడలు చూస్తూ గడిపాక, పేపర్లో ‘వాలంటీర్లు కావలెను’ అన్న ప్రకటన కనిపించింది. సినిమాలంటే పిచ్చి ఉండి కాదు, నలుగురు తిరిగే చోట ఉండొచ్చని వచ్చింది.

“ఏమ్మా, ఎవురి పేరైనా రాయి. అంత ఆలోచించేదానికి ఏముండాది అందులో?” అన్నాడు బల్ల వెనకాల కూర్చున్న అశ్వత్థప్ప. సొసైటీ సెక్రటరీ ఆయన. అరవై దాటిన మనిషి, తాతల కాలం నుంచీ బెంగళూరే.

వెనక లైన్లో ఏడెనిమిది మంది కుర్రకారు. అందులో ఒక పిల్ల, తనకు రెండు పాసులు కావాలనీ లేకపోతే కజిన్స్ తనను చంపేస్తారనీ గోల పెడుతోంది. ఆ గోల మధ్య గడి ఖాళీగా వదిలేసి ఇవ్వడానికి వరూధినికి ముఖం చెల్లలేదు. నాలుగేళ్లలో ఒక్క మనిషినైనా సంపాదించుకోలేదని కాగితం మీద రాసిచ్చినట్టే కదా! చెయ్యి దానంతటదే ‘ఫాతిమా’ అని రాసేసింది.

ఫాతిమా బొత్తిగా లేని మనిషి కాదు. కడపలో డిగ్రీ చదివే రోజుల్లో ఒకటే బస్సు. ఫాతిమా ఒక స్టాపు ముందు ఎక్కేది, పక్క సీటు మీద కర్చీఫు వేసి వరూధిని కోసం ఉంచేది. ఎవరు ఎంత గదమాయించినా ఇచ్చేది కాదు. పెళ్లయ్యాక రెండు ఉత్తరాలు రాసింది. తర్వాత రాయలేదు. ఆ రెండో ఉత్తరానికి జవాబివ్వనిది వరూధినే. ఇది జరిగి పన్నెండేళ్లు.

వాలంటీర్లకు పనులు పంచేటప్పుడు వరూధిని వాటాకు వచ్చిన పని కర్చీఫులు తీసేయడం. నవ్వులాట కాదు. బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు పట్టే జనం, సినిమా హాలుకొస్తే మాత్రం మానుకుంటారా? ఒక్క మనిషి వచ్చి ఆరు సీట్లకు కర్చీఫు, చున్నీ, పేపరు, హెల్మెట్ పరిచి, దర్జాగా టీకి పోతాడు. టికెట్ కొన్నవాళ్లు నిలబడాలి. అందుకే అశ్వత్థప్ప నియమం పెట్టాడు. లైట్లు ఆరే వేళకు ఏ సీటు మీద గుడ్డ కనబడినా తీసేసి, నిలబడ్డవాళ్లను కూర్చోబెట్టాలి.

“గుడ్డకి సీటు లేదప్పా, మనిషికే!” అని ఆయన అందరిచేతా వల్లె వేయించాడు.

ఈ పనిలో ఆమెకు తోడు అభిజిత్ అనే కుర్రాడు. ఇరవై ఆరేళ్లుంటాయి, తెనాలి వాడు, అతనిదీ ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉద్యోగం. వసపిట్ట. పరిచయమైన పావుగంటకే అక్కా అని వరస కలిపేశాడు.

“అక్కా, మీ గెస్టు ఎవరు?”

“ఫాతిమా. నా ఫ్రెండు.”

“వచ్చేశారా మరి?”

“కె.ఆర్.పురంలో ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుందంట.”

ఈ ఊళ్లో ఆ మాటకు సాక్ష్యం అడిగేవాళ్లుండరు. అయ్యో పాపం అన్నాడు అభిజిత్. అన్నాక, నమ్మకం కలగాలని వరూధిని తన కర్చీఫు తీసి చివరి వరసలో అంచు సీటు మీద వేసింది. హాల్లో ఉన్న గుడ్డలన్నీ తీసేశారు గానీ ఆ ఒక్కదాని జోలికి అభిజిత్ పోలేదు. స్టాఫ్ కోటా అని కన్ను గీటాడు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. కానీ మర్నాడు పొద్దున రాగానే అతను అడిగింది ఫాతిమా గురించే. రాత్రి వచ్చారా, సినిమా నచ్చిందా అని. చీకట్లో వచ్చింది, వెనక తలుపు నుంచి వెళ్లిపోయింది అని చెప్పింది వరూధిని. నచ్చిందా అంటే ఏం చెప్పాలో తోచక తనకు అనిపించిందే చెప్పేసింది. “యుద్ధం వచ్చి ఊరు తగలబడితే ఏడుపు రాలేదంట. అంతా అయినాక ఆ ముసలాయన బట్టలు మడత పెడతాడు చూడు, అక్కడ వచ్చిందంట.”

అభిజిత్ చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. “భలే మనిషక్కా ఆవిడ!” అన్నాడు.

ఆ రోజు నుంచి ఫాతిమా పెరగడం మొదలుపెట్టింది. సినిమా అయ్యాక తెర మీద పేర్లన్నీ పడేదాకా లేవదు, అంతమంది కష్టపడితే ఆ మాత్రం కూర్చోకపోతే ఎట్లా అంటుంది. టీ పూర్తిగా చల్లారబెట్టి తాగుతుంది. బస్సులో ఎక్కిన ప్రతి ముసలామెకూ మనసులో ఒక పేరు పెట్టుకుంటుంది. మూడో రోజు ఫాతిమాకు జలుబు చేసింది. నాలుగో రోజు తగ్గింది గానీ ఇంటికి చుట్టాలొచ్చారు. అభిజిత్ ఆటకూ ఆటకూ మధ్య తోపుడుబండి దగ్గర మూడు టీలు చెప్పేవాడు, ఫాతిమా గారొస్తే ఉంటుందని. ఆమె రాదు కాబట్టి ఆ టీ కూడా వరూధినే తాగేది. రోజుకు ఎనిమిది టీలతో కడుపు మండేది గానీ, ఆ బండి పక్కన ఫుట్‌పాత్ మీద చలిలో నిలబడి మాట్లాడినన్ని మాటలు నాలుగేళ్లలో మాట్లాడలేదు. నవ్వించడం కూడా తనకు వచ్చునని ఆమెకు అప్పుడే తెలిసింది.

అయితే ఒక సంగతి గమనించకుండా ఎలా ఉంటుంది? మాట్లాడుతున్నంతసేపూ అతని కళ్లు ఆమె భుజం మీదుగా గేటు వైపే ఉండేవి.

నాలుగో రోజుకు ఆమెకు ఫాతిమా మీద కడుపుమంట మొదలైంది. ఎవరూ నవ్వకండి. ఇంత అందంగా చెప్పబట్టే కదా అతను వింటున్నాడు, వినేది మాత్రం ఆవిడ కోసం. ఐదో రోజు తెగించి, ఫాతిమా ఊరెళ్లిపోతుందేమో అంది. అభిజిత్ ముఖం వాడిపోయింది. టీ సగం తాగి పారబోసి, పోస్టర్లు అంటించే వాళ్ల దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. మధ్యాహ్నమంతా ఆమెతో ఒక్క మాటా లేదు. వరూధిని ఆ ఒక్క పూటకే భయపడిపోయింది. ఫాతిమా పోతే అభిజిత్ కూడా పోతాడు. అభిజిత్ పోతే మళ్లీ హాస్టలు గోడలే. సాయంత్రం తనే వెళ్లి, “పోవడం లేదంట. రేపు ఆఖరి సినిమాకు తప్పకుండా వస్తుంది” అని చెప్పింది.

“ప్రామిస్?”

“ప్రామిస్.”

ఆఖరి సినిమా మధ్యాహ్నం రెండున్నరకు. ఒంటిగంటకే లైను గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. లోపల మెట్ల మీద కూడా కూర్చున్నారు. వరూధిని, అభిజిత్ చెరో వైపు నుంచి గుడ్డలు ఏరుతూ వచ్చారు. “ప్లీజ్, ఐదు నిమిషాల్లో వస్తారు” అని బతిమాలిన వాళ్లకు అభిజిత్ చేతులు జోడించి నియమం చదివాడు. చివరికి హాలంతటిలో ఒక్క కర్చీఫు మిగిలింది. తెల్లది, అంచుకు నీలం గీత. దాని పక్కన అభిజిత్ కాపలా నిలబడ్డాడు. చేతిలో ఆరు రోజుల సినిమాల వివరాలున్న పుస్తకం. ఫాతిమాను అడగాలనుకున్న సినిమాలన్నిటికీ పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాడు.

లైట్లు ఆరాయి. అప్పుడు వచ్చింది ఒక పెద్దావిడ, చేతికర్రతో, టికెట్ చేత్తో పట్టుకుని. గోడకు ఆనుకుని నిలబడి ఒక కాలి మీద బరువు తీసి రెండో కాలి మీద వేస్తోంది. అశ్వత్థప్ప టార్చి వెలుగు వరసలన్నీ వెతికి, ఆ కర్చీఫు మీద ఆగింది.

“ఎవురిదప్పా అది?”

“ఫాతిమా గారిది సార్. వచ్చేస్తున్నారు, ఆన్ ద వే.”

“ఆరు దినాలుగా ఊరందరి గుడ్డలూ తీసినోడివి, నీకు నేను చెప్పాల్నా?”

“ఈ ఒక్కటీ వదిలేయండి సార్, ప్లీజ్. అక్కా, ఒకసారి కాల్ చేయండి, ఎక్కడిదాకా వచ్చారో!”

పెద్దావిడ కన్నడంలో, పరవాలేదు నిలబడతాను అంది. ముందు వరసల్లోంచి ఎవరో విసుక్కున్నారు. చుట్టుపక్కల తలలన్నీ తిరిగాయి. వరూధిని చేతిలో ఫోన్ ఉంది. ఏ నంబరు నొక్కాలి? టార్చి వెలుగులో పెద్దావిడ మళ్లీ కాలు మార్చుకోవడం కనబడింది. ఇంకొక్క అబద్ధం చాలు, ఈ పూట గడిచిపోతుంది. అభిజిత్ తన కోసం కాకపోయినా ఇంకో రెండు గంటలు పక్కన ఉంటాడు. ఆమెకు ఆ రెండు గంటలు కావాలనే ఉంది, సిగ్గు విడిచి చెప్పాలంటే ఎంతగానో కావాలనే ఉంది.

వంగి కర్చీఫు తీసేసింది.

“ఎవరూ రారు. మీరు కూర్చోండమ్మా.”

“అదేంటక్కా?” అన్నాడు అభిజిత్.

“రాదు అభిజిత్. ఆమె యాడుందో నాకు తెలీదు. చూసి పన్నెండేళ్లయింది. ఈ వారమంతా నేను చెప్పిందేదీ నిజం కాదు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి తీరిక కూడా ఎవరికీ లేదు, తెర మీద సినిమా మొదలైపోయింది. పెద్దావిడ కూర్చుని మోకాలు రాసుకుంది. టార్చి ఆరిపోయింది. అభిజిత్ అవతలి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, వరూధిని ఇవతలి తలుపు దగ్గర. ఆ సినిమాలో ఏం జరిగిందో ఆమెకు ఈనాటికీ తెలియదు.

ముగిసి పేర్లు పడుతుంటే జనం లేచి పోయారు. వరూధిని కదల్లేదు. హాలు దాదాపు ఖాళీ అయ్యాక అభిజిత్ నడుచుకుంటూ వచ్చాడు.

“పేర్లు పడేదాకా కూర్చోవడం... అది ఎవరిదక్కా?”

“నాదే.”

“ముసలివాళ్లకు పేర్లు పెట్టడం?”

“నేనే.”

“ఆ బట్టలు మడత పెట్టేది చూసి ఏడ్చింది?”

ఆమె తల ఊపింది.

“మీ గురించే అని చెప్పుండొచ్చు కదక్కా” అన్నాడు. గొంతులో కోపం కన్నా చిన్నతనం ఎక్కువ ఉంది.

“నా గురించయితే వినేవాడివా?”

వింటానని చెప్పబోయి నోరు తెరిచాడు. మంచి పిల్లాడు, అబద్ధం చేతకాదు. తెరిచిన నోరు మూసుకుని చేతిలోని పుస్తకం వైపు చూశాడు. ఇంతలో బ్యానర్లు విప్పడానికి రమ్మని బయటి నుంచి కేక వేశారు. “వస్తానక్కా” అని వెళ్లిపోయాడు. ఆరు రోజుల్లో ఫాతిమా నంబరు మూడుసార్లు అడిగాడు గానీ, వరూధినిది అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

పాసులు రెండూ బల్ల మీద పెట్టి, అశ్వత్థప్ప ముఖం చూడకుండా బయటపడింది. ఆయన వెనక నుంచి, “పై సంవత్సరం రామ్మా, బాగా పని చేసినావు” అన్నాడు. ఆ మాటకు ఏడుపొచ్చింది. అందరూ తిట్టి ఉంటే వచ్చేది కాదు.

మార్కెట్‌లో అత్తిబెలె బస్సు ఎక్కేసరికి చీకటి పడింది, చలి గాలి కిటికీ సందుల్లోంచి కోస్తోంది. ఎలక్ట్రానిక్ సిటీకి టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. కర్చీఫు ఇంకా చేతిలోనే ఉంది, అలవాటుగా పక్క సీటు మీద పడింది. సిల్క్ బోర్డు దగ్గర ఫ్యాక్టరీ యూనిఫాం నీలం చీరలో ఒక ఆడమనిషి ఎక్కింది. క్యారియరు సంచి చంకన పెట్టుకుని, ఎవరైనా వస్తారా అని కన్నడంలో అడిగింది.

“ఇల్ల. కూత్కొళ్ళి” అంది వరూధిని కర్చీఫు తీసి, ఎవరూ రారు కూర్చోమని. అనేశాక చూసుకుంటే, ఈసారి అంత కష్టంగా ఏం లేదు.

ఆమె ఎలక్ట్రానిక్ సిటీ దాటాక వచ్చే చందాపురకు టికెట్ తీసుకుని కూర్చుంది, రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఎన్ని గంటల షిఫ్టు చేసిందో ఏమో, బొమ్మనహళ్లి దాటకముందే తల వచ్చి వరూధిని భుజం మీద వాలింది. కొబ్బరినూనె వాసన, మెషిన్ ఆయిల్ వాసన. ఆ తల బరువు, వెచ్చదనం ఉలెన్ శాలువలోంచి లోపలికి దిగాయి. ఒక మనిషి తనను ఆనుకుని ఎన్నేళ్లయిందో వరూధిని లెక్కపెట్టబోయి మానేసింది.

ఎలక్ట్రానిక్ సిటీ వచ్చింది. బస్సు ఆగింది. దిగాలంటే ఆమెను లేపాలి.

కండక్టర్ వెనక్కి తిరిగి, దిగట్లేదా మేడం అన్నట్టు చూశాడు. వరూధిని భుజం కదలకుండా రెండో చేత్తో పర్సు తెరిచి చిల్లర తీసి చాచింది. గొంతు బాగా తగ్గించి, “చందాపుర, ఒకటి” అంది.