బొడ్డుకు కట్టిన నూలు

గుడియాత్తం నేతగాళ్ల వీధిలో బిడ్డ పుడితే బొడ్డుకు కట్టేది ఆ ఇంటి మగ్గం మీది నూలే. గంజి పెట్టిన నూలు గట్టిగా నిలుస్తుందని, ఇంటి పోగు బిడ్డకు మంచిదని నమ్మకం. కట్టే చెయ్యి మాత్రం ముప్పై ఏళ్లుగా ముత్తమ్మది. ఆమె మంత్రసానితనానికి వంక పెట్టినవాళ్లు లేరు.

ఆమె మేనకోడలు కాంచన. పన్నెండేళ్లకే మొగుడు పోతే, ముత్తమ్మే వీధిలో వాళ్ల నోళ్లు మూయించి మిషన్ బడిలో వేసింది. ఇప్పుడు వేలూరులో ఆడవాళ్లకు డాక్టరు చదువు పెట్టారు. కాంచన అర్జీ అయితే పంపింది గానీ, చేరాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

రెండేళ్ల కిందట అక్క అంబుజానికి పుట్టిన మగబిడ్డ ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుపోయి చనిపోయాడు. గాలి సోకిందన్నారు. శుభ్రం లేని నూలు కట్టినా ఆ జబ్బు వస్తుందని కాంచనకు తర్వాత బడిలో ఆరోగ్యపాఠం వింటుంటే తెలిసింది. ఆ బిడ్డ పుట్టిన రోజు మగ్గం మీది నుంచి పోగు తుంచి అత్తకు అందించింది తనే. ఆ సంగతి బయటపెడితే అత్త తట్టుకోలేదు. దాచిపెట్టి ఏ మొహం పెట్టుకుని డాక్టరు కావాలి?

వేలూరులో ఉన్న చోట్లు పదిహేను, వచ్చిన పిల్లలు నూరుకు పైనే. అంతమందిలో కంటికి ఆనాలంటే ఇలా చెప్పమని మేరి టీచరు సేవ గురించి నాలుగు మంచి మాటలు రాసిచ్చింది. కాంచన కంఠతా పట్టింది. తీరా ముత్తమ్మను వెంటబెట్టుకుని వేలూరు వెళ్లి వరండాలో కూర్చుంటే, ముందు వెళ్లిన ముగ్గురూ లోపల అవే మాటలు అప్పజెబుతున్నారు. టీచర్లందరి దగ్గరా ఉన్న సేవ ఒకటే కాబోలు.

వెంట వచ్చిన పెద్దవాళ్లనూ లోపలికి రమ్మన్నారు. దొరసాని డాక్టరమ్మ అరవంలో అడిగింది, ఈ చదువు నీకెందుకని. కాంచన, టీచరు రాసిచ్చిన మాటలు మింగేసి, అక్క బిడ్డ సంగతి చెప్పింది. నూలు అందించింది తనేనని చెప్పింది. కట్టిందెవరో చెప్పలేదు. పక్కన ముత్తమ్మ తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. డాక్టరమ్మ అది చూసి, ఏదో రాసుకుని, ఉత్తరం వస్తుంది వెళ్లిరమ్మంది.

కాట్పాడి దాకా జట్కాలో ముత్తమ్మ చేతులు కొంగు కిందనుంచి బయటికి తియ్యలేదు. అత్త ఇక తనతో మాట్లాడదేమోనని కాంచనకు ఏడుపొచ్చింది. రైలు కదిలాక ముత్తమ్మ వేళ్లు మడుస్తూ లోలోపల ఏవో పేర్లు గొణిగింది. అవన్నీ ఎనిమిదో రోజు దాటని బిడ్డల తల్లుల పేర్లు. పదకొండు దగ్గర ఆగింది.

"మన వీధి పాపాతికి ఈ వారంలోనే కాన్పు. నూలు ఉడకబెట్టి కడితే సరిపోతాదా? ఎంతసేపు ఉడకాల?"

"నాకు తెలీదత్తా."

"తెలీదంటే ఎట్లమ్మా? పోయి నేర్చుకో."