డబ్బాలో లేని రెండో మంత్రి

సబ్బునీళ్ల బకెట్లో చదరంగం బొమ్మలు తేలుతున్నాయి. కుట్టు టీచర్ పీట మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తువ్వాలు మీద ఆరబెడుతోంది. వారం వారం ముప్పై మంది ఆడపిల్లల చేతుల్లో నలిగే బొమ్మలవి. శుక్రవారం సాయంత్రం ఈ పని ఆమెకు తప్పదు. పోయిన బంట్ల స్థానంలో బొత్తాలున్నాయి. నల్ల పక్షానికి కోటు బొత్తాలు, తెల్ల పక్షానికి చొక్కా బొత్తాలు.

"రాజుగారికి స్నానం, మంత్రిగారికి స్నానం. కన్నతండ్రికి మాత్రం గుక్కెడు టీ లేదు," అన్నాడు వాళ్ల నాన్న, కుర్చీలోంచి. వీధిలో అందరూ ఆయన్ని గడియారాల తాత అంటారు. నలభై ఏళ్లు వాచీలు బాగుచేశాడు.

"నాకున్నవి రెండే చేతులు నాన్నా."

"నాకూ రెండే. ఫోన్లు వచ్చాక వాటికి పని లేదు, అంతే తేడా."

ఆమె నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

ఈ బొమ్మలు బడికి ఎలా వచ్చాయో చెప్పాలి. రెండేళ్ల కిందట ఇరవై డబ్బాలు, వాటితో పాటు ఒక కాగితం వచ్చాయి. ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు పిల్లలకు చదరంగం నేర్పవలెను అని ఆ కాగితంలో ఉంది. ఎవరు నేర్పవలెనో, నేర్పేవాళ్లకు ఎవరు నేర్పవలెనో లేదు. పెద్ద టీచర్ ఆ కాగితం చదువుతుంటే అందరూ కిటికీ బయటికి చూశారు. కుట్టు టీచర్ మాత్రం తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. తల వంచినవాళ్ల మీదే బరువు పడుతుంది కదా, డబ్బాలు ఆమె బల్ల మీదికి వచ్చాయి.

ఆమెకు ఆట వచ్చు. చిన్నప్పుడు నాన్న నేర్పాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలు దుకాణంలో, ఆయన చెక్కతో స్వయంగా చెక్కుకున్న బొమ్మలతో. ఆయనకు వాళ్ల నాన్న నేర్పాడు. నాన్న చెప్పింది చెప్పినట్టు ఆమె ముప్పై మందికీ చెప్పింది. పుస్తకం కొనాలని ఒకసారి అనుకుంది. అంతలో పరీక్షల డ్యూటీ వచ్చిపడింది.

ఆ ముప్పై మందిలో ఒక పిల్ల పేరు నత్త. అసలు పేరు హాజరుపట్టీలో ఉందిగానీ, ఎత్తు వేయడానికి అంతసేపు ఆలోచిస్తుంది గనక తోటిపిల్లలు ఆ పేరు పెట్టారు. "నత్తమ్మా, ఇవాళ వేస్తావా, ఎండాకాలం సెలవులయ్యాక వేస్తావా?" అనేవాళ్లు. నత్త తల ఎత్తేది కాదు. వేసిన తర్వాత ఎగతాళి చేసినవాళ్లే నోరు మూసుకునేవాళ్లు.

నత్త తల్లి ఇస్త్రీ చేస్తుంది. ఇంటి ముందు గది అంతా రెండు బల్లలు. ఒకదాని దగ్గర తల్లి, రెండోదాని దగ్గర నత్త అక్క. అక్క తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఈ మధ్య తల్లి కుడి భుజం పైకి లేవడం లేదు.

"పోటీ దాకా దాని శనివారాలు మీవి టీచరమ్మా," అంది తల్లి, పట్నంలో జరిగే చదరంగం పోటీకి నత్త పేరు ఇచ్చినప్పుడే. "మొదటి ముగ్గురిలో వస్తే ఆటల బడిలో సీటు, తిండి, చదువు ఇస్తారన్నారు, పోనీయండి. రాకపోతే మాత్రం బల్ల దగ్గరికి రావాలి. నా భుజం ఇంకో ఏడాది ఆగదు."

కాబట్టి బొమ్మలు కడిగిన మర్నాడు, శనివారం పోటీలో నత్త ఆడబోయేది ఆటొక్కటే కాదు.

పట్నంలో పెద్ద బడి హాల్లో పోటీ జరిగింది. ఆరు ఆటలు. నత్త మొదటి ఐదింటిలో నాలుగు గెలిచింది. ఆరోదీ గెలిస్తే సీటు ఖాయం. గోడ దగ్గర నిలబడ్డ కుట్టు టీచర్ కాళ్ల నొప్పి మర్చిపోయింది.

ఆరో ఆటలో నత్త బంటు ఒకటి ఒక్కో గడీ దాటుకుంటూ చివరి వరసకి ఒక్క అడుగు దూరంలో నిలిచింది. ఆ వరస చేరితే బంటు మంత్రి అవుతుంది. ఆమె మంత్రి కూడా బతికే ఉంది. ఎదుటి అమ్మాయి ముఖం వాడిపోయింది. నత్త ఎప్పటిలాగే చాలాసేపు ఆలోచించింది. తర్వాత మంత్రిని తీసుకెళ్లి ఎదుటి గుర్రం నోట్లో పెట్టింది.

గుర్రం తినలేదు, ఏనుగు తింది. తిని చివరి వరసలో, బంటు దిగాల్సిన గడికి కాపలాగా కూర్చుంది. నత్త బంటు అడుగు వేయగానే దాన్నీ తినేసింది. ఆ తర్వాత ఆట ఎక్కువసేపు సాగలేదు. నత్తకు నాలుగో స్థానం వచ్చింది.

బల్లల మధ్య తిరుగుతున్న కుర్ర జడ్జి ఉండబట్టలేక అడిగాడు. "ఏంటమ్మా అది? గెలిచే ఆటలో మంత్రిని ఊరికే ఇచ్చేశావేంటి?"

"అది పోతేనే కదండీ ఇది మంత్రి అయ్యేది," అంది నత్త.

జడ్జికి అర్థం కాలేదు. కుట్టు టీచర్ ముందుకొచ్చి, "అవునండీ, పోయిన బొమ్మే కదా తిరిగొచ్చేది?" అంది.

అతను ఆమె వైపు చూసి గొంతు తగ్గించాడు. "కాదు మేడమ్. మంత్రి ఉన్నా సరే, బంటు ఇంకో మంత్రి అవుతుంది. ఎన్నయినా కావచ్చు."

"డబ్బాలో ఒకటే మంత్రి ఉంటుంది కదండీ."

"చెయ్యెత్తి అడిగితే మేం ఇంకోటి తెచ్చిస్తాం మేడమ్. అందుకే కదా ఇక్కడున్నాం."

బస్సులో నత్త కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో ఒకే మాట అంది. "అడగొచ్చని తెలీదు టీచర్."

ఆ సంగతి కుట్టు టీచర్‌కీ ఎవరూ చెప్పలేదు. ఈ దేశం ఆ దేశం అని కాదు, ఎక్కడైనా సరే, బడికి బొమ్మలు పంపి, ఫొటోలు తీసి, ఆట నేర్పేశాం అనుకునేవాళ్లు అది చెప్పరు. నేర్పేవాళ్లకు ముందు నేర్పకపోతే, వాళ్లు తమకు తెలిసిన తప్పునే ప్రేమగా, ఓపికగా, శనివారం శనివారం పిల్లల చేతుల్లో పెడతారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆమె ఇస్త్రీ గదికి వెళ్లింది. తల్లి ఎడమ చేత్తో ఇస్త్రీపెట్టె తోస్తోంది. అక్క రెండో బల్ల దగ్గర చొక్కా కాలరు సరిచేస్తోంది. నత్త మూల కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది, పాపం, అప్పుడే పనిలో చేరిపోయింది.

"తప్పు పిల్లది కాదమ్మా, నాది," అంది కుట్టు టీచర్. "రూలు నేనే తప్పు నేర్పాను. ఒక మంత్రి పోతేనే ఇంకో మంత్రి వస్తుందని చెప్పాను. అది నిజం కాదట."

తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి భుజం నొక్కుకుంది. "ఆట సంగతి నాకేం తెలుసు టీచరమ్మా. నా ఇంట్లో మాత్రం మీరు చెప్పిన రూలే నడుస్తోంది. పెద్దది దిగితేనే చిన్నది బడికి ఎక్కింది. ఇప్పుడు నేను దిగుతున్నాను, చిన్నది బల్ల ఎక్కాలి. మీరేం తప్పు చెప్పలేదు."

"ఎవరైనా తోడుంటే?"

"ఎవరుంటారు? ఇస్త్రీ పెద్దది చూసుకుంటుంది, ఆ భయం లేదు. పొద్దునా సాయంత్రం మడతలు పెట్టి, మూటలు ఇళ్లకిచ్చి వచ్చే మనిషి కావాలి. ఆ మనిషి ఆకాశంలోంచి ఊడిపడతాడా?"

అక్క అప్పటిదాకా తల ఎత్తలేదు. చొక్కా తిరగేస్తూ, మెల్లగా అంది. "అసలు రూలు మూడేళ్ల ముందు తెలిసుంటే బావుండేది టీచర్."

తల్లి మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ చుయ్యిమంది.

ఇంటికొచ్చి కుట్టు టీచర్ నాన్నకి జరిగిందంతా చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది.

"అరవై ఏళ్లుగా ఆడుతున్నాను. నాకు రూలు చెప్పడానికి నిన్నగాక మొన్న పుట్టిన జడ్జి వచ్చాడా? మా నాన్న అలాగే నేర్పాడు."

"ఎందుకలా నేర్పాడో తెలుసా నాన్నా?"

"ఎందుకేంటి? చెక్కింది ఒక్క మంత్రినే. రెండోది ఎక్కణ్ణించి తేవాలి?"

అని ఆయనే ఆగిపోయాడు.

"అదే నాన్నా," అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆమెకు గొంతు పెంచే అలవాటు లేదు. "మన దగ్గర ఒకటే బొమ్మ ఉందని మనం పెట్టుకున్న రూలు అది. ఆట పెట్టింది కాదు. తమ్ముడు కాలేజీకి వెళ్లాలంటే నేను మానాలన్నారు. నేను మానేశాను. నిన్న ఆ పిల్ల మంత్రిని ఇచ్చేసింది చూడండి, ఏడవకుండా, అలాగే. ఎవరూ అడ్డం చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత అదే రూలుని ముప్పై మందికి నేర్పాను. ఒకరు ఎదగాలంటే ఇంకొకరు పోనక్కర్లేదు నాన్నా. పిల్లలకి చదరంగం నేర్పితే ముందు ఇది నేర్పాలి. లేని బొమ్మ కోసం చెయ్యెత్తి అడగాలి. చెయ్యెత్తినప్పుడు తెచ్చివ్వడానికి ఒక మనిషి ఉండాలి."

గడియారాల తాత తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. టీ చల్లారిపోయినా తాగలేదు.

సోమవారం ఆమె లేచేసరికి ఆయన బల్ల దగ్గర ఉన్నాడు. కంటికి భూతద్దం, చేతిలో సన్నటి ఆకురాయి. కుట్టు పెట్టెలోంచి తీసిన ఖాళీ దారం రీలు ఒకటి, చెక్కది, ముందు పెట్టుకుని అరగదీస్తున్నాడు. రీలు పైఅంచు చుట్టూ చిన్న చిన్న పళ్లు, కిరీటంలా లేచాయి. ఒక్క గంటూ తప్పలేదు. చెక్కపొడి ఊది, దాన్ని తువ్వాలు మీద ఆరిన బొమ్మల మధ్య, మొదటి మంత్రి పక్కన నిలబెట్టాడు. రెండూ ఒకే ఎత్తులో లేవు. అయినా నిలబడ్డాయి.

తర్వాత ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతులు రెండుసార్లు చాపి ముడుచుకున్నాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి నాన్నా?"

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దిగాడు. రోజూ టీ కొట్టుకి తిరిగే కుడి వైపు తిరగలేదు. ఇస్త్రీ గది ఉన్న ఎడమ సందులోకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.