జత బల్బులు

రూప్లా జీపు బానెట్ ఎత్తి, లోపలికి వంగి, హెడ్‌లైట్ వెనక చెయ్యి పెట్టాడు. మూడు కాళ్ల ప్లగ్గును పట్టి లాగాడు. రబ్బరు టోపీ తీశాడు. తీగ క్లిప్పును బొటనవేలితో నొక్కి పక్కకు తప్పించి, పాత బల్బును అడుగు పట్టుకుని బయటికి తీశాడు. ఇదంతా చూడకుండానే చేస్తాడు. భద్రాచలం నుంచి చర్లకు జీపు తిప్పడం మొదలుపెట్టిన నాటినుంచీ ఆ చేతులకు ఈ పని అలవాటే.

కొత్త బల్బును మాత్రం భార్య హేమ్లి పాత చీర పేలికతో పట్టుకున్నాడు. గాజుకు వేలి జిడ్డు అంటితే, వేడెక్కినప్పుడు బల్బు అక్కడే చెడుతుంది. ఒకటి మాడినా జతగా రెండూ మారుస్తాడు. ఈసారి అసలు ఒక్కటీ మాడలేదు. రెండూ వెలుగుతున్నాయి, కానీ పొగలో దీపాల్లా పసుప్పచ్చగా. బల్బు ముసలిదైతే అట్లాగే అవుతుంది. కాకపోతే మిరప కోతలు మొదలైనప్పుడు ఒక జత మార్చాడు. కోతలు ముగియకముందే ఇది ఇంకో జత.

నిన్న మునిమాపువేళ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బర్రె, బానెట్ దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు. బండినిండా కూలీలు. బ్రేకు పడింది కాబట్టి బతికిపోయారు. అందరూ బర్రెను తిట్టారు. రూప్లా బల్బులను తిట్టాడు.

"బల్బులు మార్చుడు అయినంక కండ్లు గూడ సూపిచ్చుకో," అంది పొయ్యి దగ్గరనుంచి హేమ్లి.

నీ పని నువ్వు చూసుకొమ్మని కసిరాడు. అది కోపం కాదు, భయం. కంట్లో పొర వచ్చిందని దవాఖానాలో అంటే ఆ మాట జీపుల స్టాండు దాకా పాకుతుంది. రూప్లా బండి అంటే జనం నిశ్చింతగా ఎక్కి నిద్రపోతారు. ఆ స్టీరింగ్ తప్ప అతనికి ఇంకో పని తెలియదు, ఇంకో పేరూ లేదు. పాత జతను కొత్తవాటి డబ్బాలో పెట్టి సీటు కిందికి తోసి, బండి తీశాడు.

పగలు ఏ ఇబ్బందీ లేదు. పోలీసు క్యాంపు దగ్గర నెమ్మదించి చెయ్యెత్తాడు. మిరప బస్తాల ఘాటుకు బండిలో అందరూ తుమ్మారు. ఎండుచేపలు అమ్ముకునే కన్నమ్మను చర్ల సంతలో దింపి, గంప అందించాడు. సాయంత్రం ఆమె ఎప్పటిలాగే వేరే బండి ఎక్కకుండా అతని ముందు సీట్లో వచ్చి కూర్చుంది. వెనక పసిపిల్లతో ఒక తల్లి.

చీకటి పడుతోంది. పక్క జీపు సంతోష్‌ది. దాని బల్బు ఒకటి మాడింది. ఒంటికన్ను బండిని ఆ అడవి దారిలోకి డ్రైవర్లు కదలనివ్వరు. ఎదుటివాడు బైకనుకుని మీదికొస్తాడు. రూప్లా సీటు కింది డబ్బా, పేలిక తీసి ఇచ్చాడు. నీరసం బల్బులేగానీ భద్రాచలం దాకా సర్దుకొమ్మన్నాడు.

సంతోష్ రెండూ మార్చి స్విచ్ వేశాడు. ఎదురుగా గోడౌన్ గోడ మీద వెలుగు పడింది.

"గివి గింత తెల్లగ ఎలుగుతుంటే ఎందుకు ఇప్పినవ్ కాకా?"

రూప్లా గోడవైపు చూశాడు. పసుపు. తన జీపు స్విచ్ వేశాడు. పొద్దున బిగించిన కొత్తవి. అదే పసుపు. ఏళ్ల తరబడి చూసిన సిమెంటు ప్రకటన అక్షరాలు ఆ గోడ మీద ఎక్కడా దొరకలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ బల్బులను తిట్టాడు.

నెమ్మదిగా పోవచ్చు అనుకున్నాడు. ప్రతి మలుపూ చేతులకు తెలుసు. కానీ ఏ మలుపులో ఏ బర్రె నిలబడుతుందో చేతులకు తెలియదు. లైట్లు ఆర్పి, అటు తిరిగివెళ్లి ముందు తలుపు తీశాడు.

"దిగు కన్నమ్మా. సంతోష్ బండెక్కు. నాకు కనపడతలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. గంప దించుకుంది.

"మరి నువ్వు?"

"నేను గూడ అండ్లనే వస్త."

వెనకున్నవాళ్లనూ దింపి సంతోష్ జీపు ఎక్కించి, దాని వెనక సీట్లో పసిపిల్ల తల్లి పక్కన సర్దుకుని కూర్చున్నాడు. మోకాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. సంతోష్ బండిని వెనక్కి తిప్పుతుంటే, పాత జత వెలుగు ఒక్కసారి రూప్లా జీపు మీదుగా పోయింది. గోడకు మొహం పెట్టి నిలబడ్డ ఆ జీపులో, ఇంకా ఒక్క మలుపూ చూడని కొత్త జత.