పిండి డబ్బాతో కొండెక్కిన కారు

మా తమ్ముడికి చప్పుడు పిచ్చి. తలుపు వేసినా, గ్లాసు పెట్టినా, ఆఖరికి తుమ్మినా వీధి చివరికి వినబడాలి. అందుకే షెడ్డుకు వచ్చేవాళ్ళందరూ వాణ్ని ‘హారన్’ అంటారు. ఆ రోజు వాడు అట్టపెట్టెలోంచి ఎర్రగా మెరిసే కొత్త ఎయిర్ ఫిల్టరు తీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నాన్న ముందు నిలబడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

“నాన్నా, ఇంజను గాలి పీల్చే పాత పెట్టె పీకేసి దీన్ని బిగిస్తే చాలు. ఇక మన బండి పులే!”

“బిగించేది ఎవరో?” అన్నాను బోనెట్ కింద నుంచి.

“నువ్వే కదక్కా. ఇంకెవరున్నారు?”

అదీ సంగతి. మా షెడ్డులో ఇంజను నాది, స్టీరింగు వాడిది. ఏటా ఊరి బయట కొండ రోడ్డు మీద కార్ల క్లబ్బువాళ్ళు పోటీ పెడతారు. కింది వంతెన దగ్గర బయల్దేరి పై మలుపు దాకా ఎవరు తొందరగా ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు. మా పాత కారును విప్పేది, కడిగేది, మళ్ళీ బిగించేది నేను. నడిపేది వాడు. పోటీ రోజున నేను వంతెన దగ్గర నిలబడి దుమ్ము తింటాను. ఎందుకలా అని అడిగితే నాన్న దగ్గర ఒకటే జవాబు, “వాడికి చెయ్యి తిరిగింది తల్లీ” అని. నాకు తిప్పనిస్తే కదా, తిరగడానికి!

ఈసారి తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. రెంచి కింద పెట్టి లేచాను.

“దాన్ని వాడే బిగించుకుంటాడు. నేను వేరే ఏర్పాటు చేస్తాను. ఎవరి దాంతో కారు కొండ తొందరగా ఎక్కితే, ఈ ఏడు పోటీలో వాళ్ళే నడపాలి.”

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తమ్ముడు మాత్రం పకపకా నవ్వాడు.

“సరే. కానీ పరీక్షకి రెండుసార్లూ వాడే నడుపుతాడు. డ్రైవరు మారితే తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు. టైము మీ అమ్మ చూస్తుంది. ఆదివారం సాయంత్రానికల్లా క్లబ్బులో డ్రైవరు పేరు ఇవ్వాలి, ఈలోగా తేల్చుకోండి” అన్నాడు నాన్న.

నేను కోరుకున్న అవకాశం దొరికింది. ఆ సీటు తప్ప నాకు ఇంకేమీ అక్కర్లేదు.

వాడి ఫిల్టరులో ఉన్న తిరకాసు వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఒరేయ్, పెట్టె లేకుండా దాన్ని ఇంజను పక్కన ఊరికే వదిలేస్తే, ఇంజను వదిలిన వేడిగాలినే మళ్ళీ ఇంజను పీలుస్తుంది. వేడిగాలి పల్చగా ఉంటుంది, ఎంత పీల్చినా దాని కడుపు నిండదు అని. వింటేగా! స్టార్టు చేసి ఒక్కసారి తొక్కేసరికి షెడ్డు రేకులు అదిరాయి. పక్క టైర్ల కొట్టువాళ్ళు పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు. వాడు మీసం లేని చోట మీసం మెలేశాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ కొండ మీద మడతకుర్చీ వేసుకుని, ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఒక చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంది. కింద నుంచి నేను ఫోనులో “వదిలాం” అనగానే బటన్ నొక్కింది. కారు ఒక్క అరుపు అరిచి మలుపు తిరిగిపోయింది. కాసేపటికి ఫోనులో అమ్మ గొంతు వినబడింది, “ఎప్పుడూ పట్టేదానికంటే కాస్త ఎక్కువే పట్టిందే!”

“నువ్వు లేటుగా నొక్కావమ్మా!” అని వాడు పైన చేస్తున్న గోల నాకు ఫోనులో వినబడుతూనే ఉంది.

“తొమ్మిది నెలలు మోసినదాన్ని, బటన్ నొక్కడం రాదట్రా నాకు?” అంది అమ్మ. దాంతో వాడి నోరు మూతపడింది.

ఇక నా వంతు. ఇంజను వేడి తగలకుండా ఫిల్టరును ఒక పెట్టెలో మూసేసి, ముందు బంపరు సందులోంచి చల్లగాలి నేరుగా ఆ పెట్టెలోకి వచ్చేలా లావుపాటి గొట్టం వేయాలి. హెడ్‌లైటు వెనకున్న చోటికి సరిపోయే పెట్టె కోసం షెడ్డంతా గాలించాను. ఆఖరికి అది వంటింట్లో కనబడింది. అమ్మ పిండి డబ్బా! కొలిచి చూస్తే అచ్చం అతికినట్టుంది. అడిగితే ఇవ్వదని తెలుసు, అందుకే ముందు కోసేసి తర్వాత అడిగాను. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. డబ్బా అంచులకు పాత కారు తలుపు రబ్బరు పట్టీ అంటించి, వేడిగాలి ఎక్కణ్నుంచీ దూరకుండా బిగించాను. లోపల కడిగి వాడుకునే నూలు ఫిల్టరు పెట్టాను. దుమ్ము అంటుకోవడానికి దానికి కాస్త నూనె పట్టించాలి. పట్టించాను. శుభ్రంగా, తృప్తిగా పట్టించాను.

మళ్ళీ అమ్మ పైన, నేనూ నాన్నా కింద. “వదిలాం” అన్నాను. కారు రయ్యిమని వెళ్ళింది. రెండో మలుపు దాటగానే ఇంజను చప్పుడు తడబడింది. దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. వాడే! కావాలనే పెడల్ మీంచి కాలు తీస్తున్నాడు. సీటు పోతుందని భయం!

వాడు కిందికి దిగి వచ్చీ రాగానే విరుచుకుపడ్డాను. “సిగ్గు లేదూ? ఓడిపోతానని తెలిసి మధ్యలో కాలు తీసేస్తావా?”

వాడు తాళం బోనెట్ మీద పెట్టి, నా మొహం కూడా చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వాడు చప్పుడు చెయ్యకుండా వెళ్ళడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నాన్న గొట్టం ఊడదీసి, ఫిల్టరు అవతల వేలు పెట్టి తిప్పాడు. వేలు బయటికి తీసి నా ముందు పెట్టాడు. నూనె కారుతోంది.

“ఫిల్టరుకి పట్టించావా, వేపుడు చేశావా?”

మా ఇంట్లో నూనె దగ్గర పిసినారితనం లేదు. కిర్రుమన్న ప్రతిదానికీ నాన్న ధార కడతాడు. “నూనెకి కక్కుర్తి పడకు” అని నా చేతికి నూనె డబ్బా ఇచ్చిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. నేనూ కక్కుర్తి పడలేదు. ఫిల్టరు తాగగా మిగిలిన నూనె గాలితోపాటు కొట్టుకెళ్ళి, ఎంత గాలి వస్తోందో కొలిచే సెన్సరుకు అంటుకుంది. సెన్సరు తప్పుడు లెక్క చెబితే ఇంజను దగ్గక ఏం చేస్తుంది?

తప్పు నాది. తిట్లు వాడికి.

ఆ మధ్యాహ్నం సెన్సరు ఊడదీసి, గుడ్డ తగలనివ్వకుండా స్ప్రే కొట్టి కడిగి ఆరబెట్టాను. ఫిల్టరు సబ్బు నీళ్ళలో పిండి, నీడలో ఆరేశాను. పూర్తిగా ఆరాక ఈసారి మడత మడతకీ సన్నటి గీత గీసినట్టు నూనె పెట్టి, పొంగినదాన్ని కాగితంతో అద్దేశాను. అంతా అయ్యాక అసలు కష్టమైన పని మిగిలింది. ఇంజను ముందు నేనెంతసేపైనా వంగుతాను. మనిషి ముందు వంగడం నాకు చేతకాదు.

వాడు మేడ మీద పిట్టగోడెక్కి కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను.

“ఏరా, కోపమా?”

“నేను కాలు తీస్తే నీకు తెలీదా అక్కా? నా కాలు తెలీదా నీకు?”

“తెలుసు. నూనె తప్పు నాదే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి అడ్డూ ఆపూ లేదు, నీకు తెలుసుగా.” ఊపిరి బిగబట్టి ఆ మాట కూడా అనేశాను, “క్షమించరా.”

వాడు నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు. “ఇంకోసారి అను, రికార్డు చేసుకుంటా.”

“పళ్ళు రాలగొడతా.”

“ఆఁ, ఇప్పుడు మా అక్కలా ఉన్నావ్. పద.”

ఆదివారం పొద్దున్న ఈసారి కింద నాన్న నిలబడ్డాడు. నేను పైన అమ్మ పక్కన నిలబడ్డాను. సాయంత్రం దాటితే ఇంకో ఏడాది దుమ్మే గతి. ఫోనులో నాన్న “వదిలాను” అన్నాడు. అమ్మ బటన్ నొక్కింది. వాడి ఫిల్టరులా ఇది అరవలేదు. గొంతు తగ్గించి గుర్రుమంటోంది. రెండో మలుపు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. దగ్గలేదు. ఆఖరి మలుపులో టైర్లు కీచుమన్నాయి, కారు వెనక భాగం రోడ్డు పక్క గోడకి జానెడు దూరంలో జారుతూ తిరిగి మా ముందు నుంచి దూసుకుపోయింది.

“నీ దుంపతెగ!” అని అరుస్తూనే అమ్మ బటన్ నొక్కింది. వాచీ చూసి, మళ్ళీ చూసి, నాకు చూపించింది. మా కారు ఎప్పుడూ అంత తొందరగా ఆ కొండ ఎక్కలేదు.

వాడు దిగాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పోటీలో కూడా ఆ మలుపు వాడు అంత తెగించి తిప్పడం నేను చూడలేదు. తన సీటు పోగొట్టుకోవడానికి ప్రాణం పెట్టి నడిపాడు పిచ్చివెధవ. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

“ఏడుపెందుకక్కా? గెలిచావుగా!” అని తాళం నా చేతిలో పెట్టాడు. “నువ్వే నడిపి దించు, ఇప్పట్నుంచే అలవాటవుతుంది. సీటు ముందుకు జరుపుకో, నీ కాళ్ళు పొట్టివి.”

కూర్చుని సీటు కింద మీట లాగాను. జరగలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ దాన్ని ముందుకు జరపనే లేదు, పట్టాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కింద నుంచి స్కూటరు మీద వచ్చిన నాన్న సంగతి చూసి, డిక్కీ తెరిచి నూనె డబ్బా తీసుకుని వంగాడు.

“ఒక్క చుక్క చాలు నాన్నా” అన్నాను.

నాన్న ఒక్క చుక్కే వేశాడు. తమ్ముడు వెనక నుంచి తోశాడు, సీటు కిర్రుమంటూ ముందుకు జరిగింది, నా కాలికి పెడల్ అందింది.