మామగారి గడ్డం

మార్చి తొమ్మిది, గురువారం. రాత్రికి ఉడకబెట్టిన గుడ్లు, వెన్న రాసిన బ్రెడ్డు. ఆ తేదీ, ఆ తిండి అల్లుడికి ఇప్పటికీ గుర్తుండిపోవడానికి కారణం ఆ గుడ్డే. మామగారు దాని పెంకు వలవబోయి, వలవలేక, కాసేపు పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించి, చివరికి పక్కకు నెట్టేశారు. అల్లుడు దాన్ని అందుకుని వలిచి, ఉప్పు చల్లి, ఏమీ జరగనట్టు ఆయన ముందు పెట్టాడు. మామగారు కూడా ఏమీ జరగనట్టే తిన్నారు. తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ, "ఆదివారం పొద్దున్నే వాణ్ణి రమ్మన్నాను. వెళ్ళిపోతాను," అన్నారు.

వాడంటే ఆయన కొడుకు, అల్లుడికి బావమరిది. ఊరికి ఆ చివర ఉంటాడు. మంచివాడే. అక్క పోయిన దగ్గర్నుంచి, "నాన్నని నా దగ్గరికి పంపించు బావా, నీకెందుకు శ్రమ," అంటూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ పెద్దాయనే ఆ మాట చెవిన పెట్టలేదు.

"ఇప్పుడేమైంది మావయ్యా?"

"ఏమవుతుంది. నా మొహం చూస్తున్నారుగా."

అల్లుడు చూశాడు. గడ్డం కింద రెండు చోట్ల, చెవి పక్కన ఒక చోట కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. మామగారు నలభై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. డ్యూటీ ఉన్నా లేకపోయినా నున్నగా గీసుకున్న మొహంతో తప్ప గది దాటి వచ్చేవారు కాదు. చేతికి వణుకు మొదలయ్యాక రెండేళ్ళ పాటు కూతురే ఆయనకు గడ్డం గీసేది. ఆమె పోయాక ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తంటాలు పడుతున్నారు.

"నేను గీస్తాను," అన్నాడు అల్లుడు.

"వాడు నా కొడుకు. వాడి చేత చేయించుకోవచ్చు. కూతురు లేని ఇంట్లో కూర్చుని అల్లుడి చేత చాకిరీ చేయించుకోవడం బాగుండదు."

"బాగుంటుందో లేదో గీశాక చెప్పండి."

మామగారు నవ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు. "సరే, శనివారం సాయంత్రం దాకా చూద్దాం," అని లేచి వెళ్ళిపోయారు.

అల్లుడు ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ చాలాసేపు నిలబడిపోయాడు. మామగారు వెళ్ళిపోతే ఇల్లు ఖాళీ అవుతుందన్నది ఒక దిగులు. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. తన భార్య ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బస్సు హారను మోగించి డిపో అంతా హడలగొట్టిన సంగతి చెప్పగలిగినవారు ఈ ఇంట్లో ఆయనొక్కరే. ఒకే సంగతి ఎన్నిసార్లు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ ఆమె ఓ నిమిషం పాటు ఆ గదిలో ఉన్నట్టే ఉండేది.

మర్నాడు పొద్దున కింద సెలూన్‌కి వెళ్ళాడు. సెలూన్ అతను కుర్చీ దులుపుతూ, "నేనే పైకొచ్చి గీస్తాను సార్, ఎంతసేపు," అన్నాడు.

"ఒప్పుకోరయ్యా. పరాయివాళ్ళు దవడ పట్టుకుంటే ఆయనకి గిట్టదు."

"మరి మీరో?"

"నేను పరాయివాణ్ణో కాదో రేపు సాయంత్రం తేలుతుంది."

సెలూన్ అతను నవ్వి, చేతిలో దువ్వెనే రేజర్ అనుకోమని పట్టి చూపించాడు. "మీరు గీసుకునేది కరెంటు మిషన్‌తో కదా. అదంతా మర్చిపోండి. సేఫ్టీ రేజర్‌ని పిడికిట్లో బిగించకూడదు. పిడి చివర, బొటనవేలూ రెండు వేళ్ళూ, అంతే. రేజర్ తలని ముందు చెంపకి ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ రండి. బ్లేడు ఎక్కడ వెంట్రుక అందుకుంటుందో అక్కడ ఆపి, చిన్న చిన్నగా లాగండి. నొక్కొద్దు సార్. దాని తలకి బరువుంది, ఆ బరువే గీస్తుంది. అది కింద పడకుండా చూసుకోవడమే మన పని."

"ఇంతేనా?"

"ఇంతే. ముందు బెలూన్‌కి నురగ రాసి దాని మీద గీయండి. నేనూ అలాగే నేర్చుకున్నాను."

బెలూన్లు ఎదురింటి టీచరమ్మ ఇచ్చింది. బడిలో మిగిలినవి, ఓ సంచీడు. శుక్రవారం మధ్యాహ్నం అల్లుడు బాత్రూంలో తలుపు వేసుకుని మొదలుపెట్టాడు. అతనూ తక్కువవాడేం కాదు. ఉద్యోగమంతా ఇళ్ళ ప్లాన్లు గీసిన మనిషి. గట్టి పెన్సిల్ నొక్కి పట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి చెయ్యెత్తకుండా గీత లాగడంలో ఆఫీసులో అతని తర్వాతే ఎవరైనా. ఆ చెయ్యి రేజర్‌ని కూడా అలాగే పట్టుకుంది. నొక్కొద్దని తను చెప్పుకుంటూనే ఉన్నాడు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. మొదటి బెలూన్ ఢామ్మంది. అద్దమంతా నురగ.

ఎదురింటి టీచరమ్మ తలుపు తట్టింది. "ఎవరిదండీ పుట్టినరోజు?"

"పుట్టినరోజు కాదమ్మా. గడ్డం."

ఆవిడ ముక్కు మీద వేలేసుకుని వెళ్ళిపోయింది. గదిలోంచి మామగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, పేలింది నేనేనా?"

"ఒక చెంపేలెండి మావయ్యా."

"రెండోది దాచుకుంటాను. కొడుక్కి చూపించాలి."

సాయంత్రానికి సంచీ అడుగున ఒక్క బెలూన్ మిగిలింది.

శనివారం సాయంత్రం మామగారి కుర్చీని కిటికీ దగ్గరికి జరిపాడు. వేడినీళ్ళు, తువ్వాలు, పటిక సిద్ధం చేశాడు. మంచం పక్కన సూట్‌కేసు మూతపెట్టి ఉంది. మామగారు తువ్వాలు మెడకు చుట్టించుకుని, డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు.

అల్లుడు కుర్చీకి కుడిపక్కన నిలబడి, నురగ రాసి, ఊపిరి బిగబట్టి బ్లేడు ఆనించాడు. సగం చెంప దాకా బాగానే వచ్చింది. ఇంతలో మొహం ఎడమవైపు కదిలింది. గీత ఎర్రబడింది.

"కదలకండి మావయ్యా."

"నేను కదల్లేదు. మీరే బ్రేకు తొక్కినట్టు తొక్కుతున్నారు."

"తొక్కడం నిజమే. కానీ తల తిప్పుతున్నది మీరే."

"నేను తిప్పడమేంటండీ."

పటిక అద్ది మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే తంతు. బ్లేడు తగలగానే ఆ మొహం, ఎవరో పిలిచినట్టు, ఎడమపక్కకి వాలుతోంది. ఈసారి గాటు చిన్నదే గానీ మామగారు కళ్ళు తెరిచారు. "పోనివ్వండి. మీ తప్పేం లేదు. రాత్రికి తొందరగా పడుకుంటే పొద్దున్నే లేవచ్చు," అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే అల్లుడికి దిగులేసింది.

నురగ కడగడానికి నీళ్ళ మగ్గు కోసం చూశాడు. మగ్గుని తను కుడిపక్క స్టూలు మీద పెట్టుకున్నాడు. కిటికీ గట్టు మీద మాత్రం, కుర్చీకి ఎడమపక్కన, తెల్లటి రంగులో గుండ్రటి మరకొకటి కనిపించింది. రెండేళ్ళ పాటు తడి మగ్గు ఒకే చోట పెడితే పడ్డ మరక.

అతని భార్యది ఎడమచేతి వాటం. కూర తరిగినా, సంతకం పెట్టినా, తండ్రికి గడ్డం గీసినా ఎడమచెయ్యే. ఆమె నిలబడింది ఆ పక్కన. ఈయన మొహం ఆ రెండేళ్ళూ తిరిగింది అటువైపు. తిప్పుతున్నానని ఆయనకే తెలియదు.

అల్లుడు ఆ సంగతి పైకి అనలేదు. "రెండు నిమిషాలు ఆగండి," అని బాత్రూంలోకి వెళ్ళి, ఆఖరి బెలూన్ ఊది, నురగ రాసి, రేజర్‌ని ఎడమచేతిలోకి తీసుకున్నాడు. ఆ చేతికి పెన్సిల్ పట్టడం రాదు. గీత లాగడం రాదు. గట్టిగా నొక్కుదామన్నా దానికంత ధైర్యం లేదు. పిడి చివర మూడు వేళ్ళతో, పడిపోతుందేమోనని భయపడుతూ పట్టుకుంది. రేజర్ తల తన బరువుతో తనే దిగింది. నురగ ఒక పాయ విడిపోయింది. ఇంకో పాయ. బెలూన్ నున్నగా బయటపడి, చేతిలో అలాగే ఉంది.

మామగారు చెవులు రిక్కించి కూర్చున్నారు. "ఏం, చప్పుడు లేదే?"

"ఈసారి బతికింది."

బెలూన్ తెచ్చి చూపించాడు. మామగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకుని, "సరే, కానివ్వండి," అన్నారు.

అల్లుడు మగ్గుని కిటికీ గట్టు మీద మరక మీదే పెట్టి, కుర్చీకి ఎడమపక్కకి వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ నురగ రాసి, కుడిచేత్తో చర్మాన్ని కొంచెం సాగదీసి పట్టుకుని, ఎడమచేత్తో బ్లేడు ఆనించాడు. మొహం వాలింది, సరిగ్గా అతని వైపుకి. వాలి, అక్కడే ఆగింది. చిన్నగా లాగడం, నీళ్ళలో ఆడించడం, మళ్ళీ చిన్నగా లాగడం. పని చాలా నెమ్మది. సాయంత్రపు వెలుగు కిటికీలోంచి ఆ చెంప మీదే పడింది. గీసిన చోటు, గీయాల్సిన చోటు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ మాత్రం వెలుగు మిగిలి ఉన్నందుకు అల్లుడు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మామగారి కళ్ళు మూతపడ్డాయి. ఒళ్ళో చేతుల వణుకు కూడా సద్దుమణిగింది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆయన అడక్కుండానే గడ్డం పైకెత్తి, సగం నిద్రలో, "చెవి కింద చూడమ్మా, అక్కడెప్పుడూ వదిలేస్తావు," అన్నారు.

అల్లుడు బ్లేడు నీళ్ళలో ఆడించాడు. "చూస్తున్నాను," అన్నాడు. చెవి కింద గీశాడు.

తువ్వాలుతో తుడిచాక మామగారు కళ్ళు తెరిచారు. వేళ్ళ వెనకభాగంతో దవడ తడుముకున్నారు. ఇటు చెంప, అటు చెంప, చెవి కింద. తనేమన్నదీ ఆయనకి గుర్తుందో లేదో మొహం చూస్తే తెలియలేదు. చాలాసేపు కిటికీ గట్టు మీద మగ్గు వంకే చూశారు.

"దానికి చిన్నప్పుడు బళ్ళో ఆ చెయ్యి మానిపించాలని చూశారు," అన్నారు. "నేనే వెళ్ళి వద్దన్నాను."

"మంచి పని చేశారు."

"మీకు కుడిపక్క రెండు వెంట్రుకలు తప్పిపోయాయి."

"ఎల్లుండి దొరుకుతాయిలెండి."

మామగారు ఒళ్ళో ఉన్న బెలూన్‌ని మంచం మీదకి తోశారు. "వాడికి ఫోన్ చెయ్యండి. రేపు భోజనానికైతే రమ్మనండి. సూట్‌కేసు కోసమైతే అంత దూరం రానక్కర్లేదు."

రాత్రి ఇద్దరూ బ్రెడ్డూ సూపూ తిన్నారు. బావమరిది భోజనానికే వస్తానన్నాడు. ఏం వండాలన్నదాని మీద కాసేపు చర్చ జరిగింది, ఏదీ తేలలేదు. హారను మోగించిన సంగతి మామగారు మళ్ళీ మొదట్నుంచి చెప్పారు. చెబుతూ చెబుతూనే నిద్రలోకి జారుకున్నారు.

అల్లుడు సూట్‌కేసుని బీరువా మీదికి ఎక్కించాడు. రేజర్ విప్పి, కడిగి, తుడిచి, గట్టు మీద మగ్గు పక్కన ఆరబెట్టాడు. బెలూన్ మంచం మీంచి దొర్లి కింద పడబోతుంటే పట్టుకుని, కుర్చీలో పెట్టాడు. తర్వాత దీపం ఆర్పి, గొళ్ళెం చప్పుడు కాకుండా ఎడమచేత్తో తలుపు దగ్గరికి లాగాడు.